ప్లాటు నాలుగు వైపులా నాలుగు కొలతలు ఉంటే గజాలు ఎలా లెక్క కట్టాలి?

కొత్తిల్లు_నల్లగొండ

అందరికీ నమస్కారం. నల్లగొండకు దగ్గర్లో, మా అత్తగారి ఊళ్లో ఇంటి జాగా ఒకటి మాట్లాడుకున్నాం. బయానా ఇచ్చాం, రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు. జాగా నలుచదరంగా లేదు. ఉత్తరాన రోడ్డు ఉంది. పక్క గెట్లు రెండూ వంకరగా ఉన్నాయి. కొలతలు ఇవీ: ఉత్తరం 72 అడుగులు, దక్షిణం 60, తూర్పు 45, పడమర 39.

మధ్యవర్తి లెక్క ఇలా కట్టాడు. ఉత్తరం, దక్షిణం కలిపి సగం చేస్తే 66. తూర్పు, పడమర కలిపి సగం చేస్తే 42. రెండూ గుణిస్తే 2772 చదరపు అడుగులు, 9తో భాగిస్తే 308 గజాలు. గజం 6,000 చొప్పున 18,48,000 రూపాయలు.

నిన్న మా బామ్మర్దితో కలిసి ఇంటి ప్లాను ఎక్కడ కూర్చుంటుందో చూద్దామని వెళ్లాను. లోతు 42 అడుగులు ఉందనే ధైర్యంతో ప్లాను గీయించుకున్నాం. రోడ్డు నుంచి వెనక గెట్టుకు తిన్నగా టేపు పడితే ఎక్కడ పట్టినా 39 అడుగులు దాటడం లేదు. నాలుగు వైపుల కొలతలు మాత్రం మళ్లీ పట్టినా అవే వచ్చాయి. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. మధ్యవర్తి లెక్క సరైనదేనా? మా ఇంట్లో ఎవరూ పెద్దగా చదువుకోలేదు, నేను కూడా పదో తరగతితో ఆపేశాను. దయచేసి అర్థమయ్యేలా చెప్పండి.

మేస్త్రి_35ఏళ్లు

తమ్ముడూ, నాలుగు వైపులూ రాశావు. ఐమూల కొలత ఏది? వాయవ్యం రాయి నుంచి ఆగ్నేయం రాయికి ఎంత ఉంది? అది పట్టలేదంటే నీ జాగా ఇంకా కొలవనట్టే లెక్క.

పునాదికి ముగ్గు పోసేటప్పుడు మేం ముందు చూసేది అదే. ఎదురెదురు వైపులు సమానంగా పెట్టుకున్నాక రెండు ఐమూలలూ ఒకటే వస్తేనే నాలుగు మూలలూ మట్టానికి, అంటే సరిగ్గా 90 డిగ్రీలకు, ఉన్నట్టు. ఒక అంగుళం తేడా వచ్చినా తాడు విప్పి మళ్లీ కడతాం. మూలమట్టం చేతిలో లేకపోతే ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు గుర్తు పెట్టి, మధ్య 5 అడుగులు వస్తుందో లేదో చూస్తాం. రాకపోతే మూల పోయినట్టే. మూల పోయిన జాగాకు పొడవు, వెడల్పు గుణించే లెక్క పనికిరాదు.

దేవరకొండ_లెక్కల_టీచర్

మేస్త్రిగారు అసలు సంగతి పట్టేశారు. నేను దాన్నే కొంచెం విడమరిచి చెబుతాను. నా క్లాసులో పిల్లలకు చెప్పే పద్ధతిలోనే చెబుతున్నాను, మరోలా అనుకోకండి.

నులక మంచం గుర్తు చేసుకోండి. పొడవు పట్టెలు 6 అడుగులు, అడ్డ పట్టెలు 3 అడుగులు అనుకుందాం. కొత్త మంచం మీద పడుకునే చోటు 18 చదరపు అడుగులు. ఏళ్లు గడిచి కోళ్ల (మంచం కాళ్ల) దగ్గర బిగువు పోతే మంచం ఒక పక్కకు ఒరుగుతుంది. నాలుగు పట్టెల పొడవు అంగుళం కూడా తగ్గలేదు. కానీ నులక వదులైపోతుంది, పడుకునే చోటు ఇరుకవుతుంది. మూల 90 డిగ్రీల నుంచి 60కి ఒరిగితే ఆ 18 కాస్తా 15.6 అవుతుంది. ఇంకా ఒరగనిస్తే 12, 10, చివరికి పట్టెలు ఒకదానికొకటి ఆనుకుని ఏమీ మిగలదు. పట్టెలు అవే, చోటు మాత్రం వేరు.

మీ ప్లాటు ఆ ఒరిగిన మంచం. మీకు తెలిసినవి పట్టెల పొడవులు మాత్రమే. అవి తెలిసినంత మాత్రాన చోటు ఎంతో తెలియదు. ఎంత ఒరిగిందో కూడా తెలియాలి. ఆ సంగతి చెప్పేది ఐమూల కొలత. మా పుస్తకాల్లో దాన్ని కర్ణం అంటాం.

కర్ణం తెలిస్తే ప్లాటు రెండు త్రిభుజాలుగా విడిపోతుంది. త్రిభుజానికి ఒరగడం చేతకాదు. మూడు కర్రలు మూడు చోట్లా కట్టేస్తే ఎంత నొక్కినా అది కదలదు. ఇంటి పైకప్పుకు దూలాల మధ్య ఐమూల కర్ర కొట్టేది అందుకే. కాబట్టి మూడు భుజాలు తెలిస్తే త్రిభుజం వైశాల్యం ఒక్కటే వస్తుంది, వాదనకు చోటుండదు.

ఒక చిన్న సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. 72, 45, 60, 39 అనే నాలుగు భుజాలతో ఏ ఆకారం చేసినా, మూలలు ఎంత అనుకూలంగా విప్పినా, గరిష్ఠంగా వచ్చేది 2741 చదరపు అడుగులు, అంటే 304 గజాల పైన అర గజం. మీకు 308 రాసిచ్చారు. ఆ కొలతలతో ఈ భూమి మీద 308 గజాల ప్లాటు ఉండే అవకాశమే లేదు. మీ అసలు ప్లాటు 304 కన్నా కూడా తక్కువే ఉంటుంది. ఎంతో చెప్పాలంటే ఐమూల కావాలి. పట్టుకొచ్చి ఇక్కడ రాయండి, లెక్క నేను కడతాను.

సాగర్_ఎడమకాలువ

సార్, మీ మాటకు గౌరవం ఇస్తూనే అడుగుతున్నా. మా మిర్యాలగూడ వైపు ఎదురెదురు వైపుల సగటు తీసి గుణించడం మా నాయిన కాలం నుంచి ఉంది. వందల రిజిస్ట్రేషన్లు అలాగే అయ్యాయి. ఎవరూ మోసం చేయాలని చేసింది కాదు. అదంతా తప్పేనా?

దేవరకొండ_లెక్కల_టీచర్

మీ నాయిన గారి కాలం కాదు, ఇంకా చాలా పాతది. 628లో బ్రహ్మగుప్తుడు ఈ సగటు పద్ధతిని చెప్పాడు. చెబుతూనే ఇది స్థూలమని, అంటే ఉజ్జాయింపని, సూక్ష్మమైన లెక్క వేరే ఉందని వెంటనే దాన్నీ చెప్పాడు. భుజాల మొత్తంలో సగం తీసుకుని, అందులోంచి ఒక్కో భుజాన్ని తీసేసి, మిగిలిన నాలుగింటినీ గుణించి వర్గమూలం కట్టడం ఆ సూక్ష్మ పద్ధతి. నేను పైన 2741 అన్నది దాంతో వచ్చిందే. నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద కూర్చునే ఆకారానికి అది కచ్చితం. మిగతా ఆకారాలన్నీ దానికన్నా తక్కువే. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు కూడా క్షేత్రగణితంలో వ్యావహారిక ఫలం, సూక్ష్మ ఫలం అని రెండూ విడివిడిగా చెప్పాడు. ఆయన గణితాన్నే మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పెద్దవాళ్లకు రెండింటి మధ్య తేడా తెలుసు. మనం స్థూలాన్ని పట్టుకుని సూక్ష్మాన్ని వదిలేశాం.

మోసం అని నేను అనను. కానీ ఒకటి గట్టిగా చెబుతాను. సగటు పద్ధతిలో వచ్చే తప్పు ఎప్పుడూ ఒకే వైపు ఉంటుంది. అసలు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది తప్ప తక్కువ ఎప్పుడూ చూపించదు. నాలుగు మూలలూ మట్టానికి ఉంటేనే రెండూ సమానం.

ఎందుకో ఒక్క మాటలో చూడండి. రెండు భుజాలు కలిసే మూల ఎలా ఉన్నా, ఆ త్రిభుజం వైశాల్యం ఆ రెండు భుజాల లబ్ధంలో సగాన్ని మించదు. మీ ప్లాటును ఒక ఐమూలతో కోసి రెండు ముక్కలకూ ఇది రాయండి, రెండో ఐమూలతో కోసి మళ్లీ రాయండి. రెండు లెక్కలూ కూడి సగం చేస్తే సరిగ్గా మధ్యవర్తి సూత్రమే వస్తుంది. అంటే ఆయన కడుతున్నది వైశాల్యం కాదు, వైశాల్యం దాటలేని హద్దు.

మీ వైపు పొలాల్లో ఇది పెద్దగా తగలకపోవడానికి కారణం ఉంది. మడులు దాదాపు మట్టానికి ఉంటాయి. ఎదురెదురు భుజాలు సమానంగా ఉన్న 300 గజాల ముక్క 5 డిగ్రీలు ఒరిగితే పోయేది ఒక గజం. 15 డిగ్రీలు ఒరిగితే 10 గజాలు. 30 డిగ్రీలు ఒరిగితే 40 గజాలు. గెట్లు వంకరగా ఉన్నచోట ఆ 30 డిగ్రీల ఒరుగు కొత్తేమీ కాదు.

సాగర్_ఎడమకాలువ

అర్థమైంది సార్. ఎప్పుడూ ఒకే వైపు తప్పుతుందన్న సంగతి నాకు ఇన్నాళ్లూ తెలియదు. అమ్మేటప్పుడు ఏమోగానీ కొనేటప్పుడు కచ్చితంగా చూసుకుంటాను.

ఇక్కడ చదివే కొత్తవాళ్ల కోసం కొలతలు కూడా రాస్తున్నా. మా వైపు కృష్ణ అవతలి బంధుత్వాలు ఎక్కువ కాబట్టి ఒకరు సెంట్లు అంటారు, ఒకరు గుంటలు అంటారు. ఎకరం అంటే 4840 గజాలు. గుంట 121 గజాలు, 40 గుంటలు ఒక ఎకరం. సెంటు 48.4 గజాలు, 100 సెంట్లు ఒక ఎకరం. రెండున్నర సెంట్లు ఒక గుంట. గజం అంటే పొడవులో 3 అడుగులు, విస్తీర్ణంలో 9 చదరపు అడుగులు. 3తో భాగించి పొరపాటు పడ్డవాళ్లను చూశాను.

పాలమూరు_చెలక

గుంట మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. గుంటంటే 33 అడుగులకు 33 అడుగులు. మా తాత చెప్పేవాడు, పాత సర్వే గొలుసు పొడవు 33 అడుగులని, దాన్ని 16 ఆణాలుగా గుర్తులు పెట్టేవారని. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉంటే గుంట. నా అంగ రెండున్నర అడుగులు. 13 అంగలకు 13 అంగలు నడిస్తే దాదాపు గుంట. టేపు లేనప్పుడు మందు ఎంత కలపాలో, విత్తనం ఎంత తేవాలో ఈ లెక్కతోనే చూసుకుంటాను. ఎవరి అంగ వాళ్లు ముందే కొలుచుకోవాలి. 100 అడుగులు నడిచి ఎన్ని అంగలో లెక్కపెడితే తెలుస్తుంది.

ఇంకోటి. పాసుపుస్తకంలో 2.20 అని ఉంటే రెండు ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. చుక్క చూసి 2.2 ఎకరాలు అనుకుంటే 12 గుంటలు మాయమవుతాయి. మా ఊళ్లో ఒక పిల్లవాడు కంప్యూటర్‌లో అలాగే కూడి అన్నదమ్ముల పంపకం కాగితం తయారు చేశాడు. కూడిక తేలక పెద్ద పంచాయితీ అయింది. తప్పు చుక్క దగ్గర ఉందని తెలిశాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఇప్పుడు నా బాధ. కాలువ పోయినంక మా చెలకలో ఒక మూల ముక్క మిగిలింది, మూడు వైపులే. బాట వెంట 198 అడుగులు, మా గెట్టు వెంట 143 అడుగులు. గుణించి సగం చేస్తే 13 గుంటలు అని ఒకరు చెప్పారు. ఆ లెక్కనే కౌలు మాట్లాడుకున్నాం. ఇది సరైనదేనా?

దేవరకొండ_లెక్కల_టీచర్

అన్నా, త్రిభుజానికి భూమి, అంటే కింది భుజం, గుణించు ఎత్తు, అందులో సగం. సూత్రం అదే, కానీ ఎత్తు అంటే వాలు భుజం కాదు. కొబ్బరిచెట్టు ఒరిగి ఉంటే దాని ఎత్తు మాను వెంట కొలవం కదా, కొస నుంచి నేలకు నిటారుగా కొలుస్తాం. మీ గెట్టు బాటకు మట్టంగా ఉంటేనే 143 ఎత్తు అవుతుంది. ఎదురు మూల రాయి నుంచి బాట మీదికి నిటారుగా ఎంత ఉందో పట్టి చెప్పండి.

మేస్త్రి_35ఏళ్లు

నిటారు ఎలా దొరుకుతుందని అడుగుతారు, ముందే చెబుతున్నా. బాట అంచున పురికొస లాగి కట్టండి. ఒకరు మూల రాయి మీద టేపు మొదలు పట్టుకోవాలి. ఇంకొకరు టేపు బిగించి పురికొస వెంట అటూ ఇటూ జరపాలి. అంకె తగ్గుతూ వచ్చి ఒకచోట మళ్లీ పెరగడం మొదలవుతుంది. అన్నిటికన్నా తక్కువ అంకె పలికిన చోటే నిటారు. మూలమట్టం కూడా అక్కర్లేదు.

పాలమూరు_చెలక

పొద్దున్నే పోయి పట్టాను. 110 అడుగులు వచ్చింది.

దేవరకొండ_లెక్కల_టీచర్

198 గుణించు 110, సగం 10,890 చదరపు అడుగులు. గుంటకు 1089. సరిగ్గా 10 గుంటలు. 13 కాదు.

కొత్తిల్లు_నల్లగొండ

మేస్త్రి అన్న చెప్పినట్టే చేశాం సార్. ఆదివారం పొద్దున నేను, మా ఆవిడ, బామ్మర్ది ముగ్గురం వెళ్లాం. ఐమూల గీత మీద సర్కారు తుమ్మ చెట్టొకటి అడ్డం ఉంది. ముందు దాని చుట్టూ టేపు తిప్పి పడితే 64 అడుగుల పైన వచ్చింది. అది తప్పని తెలుస్తూనే ఉంది, టేపు వంగింది. కొమ్మలు కొట్టేసి, పురికొస తీగలా లాగి, దాని వెంట టేపు పరిచాం. వాయవ్యం రాయి నుంచి ఆగ్నేయం రాయికి 63 అడుగులు. రెండుసార్లు పట్టాం, రెండుసార్లూ అదే.

తర్వాత ఆ పురికొస మీదికి మిగతా రెండు మూలల నుంచి నిటారు కొలతలు. మా ఆవిడ రాయి దగ్గర టేపు పట్టుకుని కూర్చుంది, నేను అటూ ఇటూ జరిపాను. నైరుతి మూల నుంచి 36 అడుగులు. ఈశాన్యం మూల నుంచి 44 అడుగుల 6 అంగుళాలు. అంకె తగ్గి తగ్గి మళ్లీ పెరగడం కళ్లారా చూశాక ధైర్యం వచ్చింది.

రోడ్డు అంచు నుంచి వెనక మూలలకు కూడా తిన్నగా పట్టాం. ఆగ్నేయం మూలకు 39 అడుగులు. నైరుతి మూలకు 37 అడుగుల 6 అంగుళాలు, కానీ ఆ నిటారు గీత మా ప్లాటు దాటి పడమరగా పది అడుగుల అవతల రోడ్డు గీతను తాకింది. అప్పుడు అర్థమైంది సార్, మంచం ఎటు ఒరిగిందో.

దేవరకొండ_లెక్కల_టీచర్

చాలా బాగా కొలిచారు. మూడు దారుల్లో కట్టి చూపిస్తాను, మీరే పోల్చుకోండి.

మొదటిది, ఐమూల మీద నిటారు కొలతలతో. రెండు త్రిభుజాలకూ భూమి ఒకటే, 63. ఎత్తులు 36, 44.5. కూడితే 80.5, అందులో సగం 40.25. దాన్ని 63తో గుణిస్తే 2535.75 చదరపు అడుగులు. 9తో భాగిస్తే 281.75 గజాలు.

రెండోది, నిటారు కొలతల అవసరం లేకుండా భుజాలతోనే. పదో తరగతి లోపు చదివే హెరాన్ సూత్రం ఇది. పడమర 39, దక్షిణం 60, ఐమూల 63. మొత్తం 162, సగం 81. అందులోంచి ఒక్కో భుజం తీసేస్తే 42, 21, 18. 81, 42, 21, 18 గుణిస్తే 12,85,956. దీని వర్గమూలం సరిగ్గా 1134. రెండో ముక్క: ఉత్తరం 72, తూర్పు 45, ఐమూల 63. సగం 90. తీసివేతలు 18, 45, 27. లబ్ధం 19,68,300, వర్గమూలం 1403. రెండూ కలిపి 2537 చదరపు అడుగులు, 281.9 గజాలు.

మూడోది పైపై అంచనా. మీ ముందు వెనక గెట్లు దాదాపు సమాంతరంగా ఉన్నాయి కాబట్టి సమలంబ చతుర్భుజం అనుకోవచ్చు. 72, 60 సగటు 66. నిటారు లోతులు 39, 37.5 సగటు 38.25. గుణిస్తే 2524.5, అంటే 280.5 గజాలు. మధ్యవర్తి లెక్కకూ దీనికీ తేడా ఎక్కడుందో చూడండి. ఆయన కూడా 66 తీసుకున్నాడు. కానీ లోతు బదులు వాలు భుజాల సగటు 42 పెట్టాడు.

మూడు లెక్కలూ ఒకటిన్నర గజం లోపే ఉన్నాయి. టేపు కొలతల్లో ఆ మాత్రం తేడా సహజం. మీ ప్లాటు 282 గజాలు. 308కి 26 గజాలు తక్కువ. మీ ధరకు 1,56,000 రూపాయలు.

మేస్త్రి_35ఏళ్లు

ఒక జాగ్రత్త. జాగా వాలులో ఉంటే టేపు నేల మీద పరచకూడదు, గాల్లో మట్టంగా, వాలు లేకుండా పట్టి, దారానికి కట్టిన గుండు వదలాలి. గుట్టల పక్క జాగాల్లో ఇది చాలా ముఖ్యం. వాలు వెంట 50 అడుగులు పట్టి, కింద మీద 10 అడుగుల తేడా ఉంటే అసలు కొలత 49 మాత్రమే. కాగితంలో రాసేది మట్టపు కొలతే. ఇల్లు కట్టేదీ మట్టం మీదే.

బత్తాయి_అక్క

అన్నలూ, నాది టేపు లేని లెక్క. మా తోట 20 అడుగులకు 20 అడుగుల దూరంలో పెట్టాం. ఒక చెట్టుకు 400 చదరపు అడుగులు. ఎకరాకు 108 చెట్లు పట్టి ఇంకా కొంచెం మిగులుతుంది. నల్లగొండలో బత్తాయి పెట్టినవాళ్లు చాలామందికి ఈ అంకె నోట్లో ఉంటుంది. వరసలు లెక్కపెట్టుకుంటూ పోతే 540 చెట్లు వచ్చాయి. 540ని 400తో గుణిస్తే 2,16,000 చదరపు అడుగులు, 198 గుంటలు, అంటే 4 ఎకరాల 38 గుంటలు. కాగితంలో 5 ఎకరాలు ఉంది. గెట్టు వారన చెట్టుకు గెట్టుకు మధ్య 10 అడుగులు ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది. మాకు ఒక వైపు బండి బాట కోసం ఎక్కువ వదిలాం, ఆ రెండు గుంటలు అక్కడ ఉన్నాయి.

పత్తిలో అయితే ఇంకా తేలిక. మూడడుగులకు మూడడుగులు గింజ వేస్తే మొక్కకు ఒక గజం. ఎకరాకు 4840 మొక్కలు. గుంటకు 121.

మా మరుదులు పంచుకున్నప్పుడు చూసిన సంగతి కూడా చెప్పాలి. ఎకరం నలుచదరంగా ఉంటే వైపుకు 209 అడుగులు, చుట్టూ కంచెకు 835 అడుగుల తీగ చాలు. మా వాళ్లు అందరికీ బాట ముఖం కావాలని 66 అడుగుల వెడల్పు, 660 అడుగుల పొడవున చీలికలు కోసుకున్నారు. అదీ ఎకరమే. కంచెకు 1452 అడుగులు కావాల్సి వచ్చింది. భూమి పెరగలేదు, తీగ ఖర్చు మాత్రం పెరిగింది.

పోచంపల్లి_మగ్గం

గెట్లు తిన్నగా ఉన్న ముక్కల గురించే మాట్లాడుతున్నారు. మా ఊరి పక్క కుంటకు ఒక్క వైపు కూడా తిన్నగా లేదు. దానికి నేను మగ్గం లెక్క వాడాను. చిటికీ కట్టే ముందు, అంటే రంగు అద్దడానికి నూలుకు ముడులు వేసే ముందు, డిజైన్ గళ్ల కాగితం మీద గీస్తాం కదా. అలాగే ఫోన్ మ్యాప్‌లో కుంట అంచు చూసి, స్కేలు ప్రకారం గళ్ల కాగితం మీదికి దించుకున్నాను. ఒక గడి 10 మీటర్లకు 10 మీటర్లు. దీంట్లో మనవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. గుంట 101 చదరపు మీటర్ల పైన కొంచెం. గడి 100. అంటే గడి దాదాపు గుంటే.

పూర్తిగా లోపల పడ్డ గళ్లు 146. అంచు కోసిన గళ్లు 58. అంచు గళ్లు ఒక్కోటి ఎంత పోయిందో చూస్తూ కూర్చోలేదు, సగం తీసుకున్నాను, 29. మొత్తం 175 గళ్లు, 173 గుంటలు, 4 ఎకరాల 13 గుంటలు. నిజం 146 గళ్లకు తక్కువ ఉండదు, 204కు ఎక్కువ ఉండదు. ఆ హద్దులు కూడా చేతిలో ఉంటాయి, అందుకే నాకు ఈ పద్ధతి ఇష్టం. గళ్లు చిన్నవి చేసుకుంటే హద్దులు దగ్గరకొస్తాయి.

మా ఊరి పేరు ముందు భూదాన్ అని ఎందుకుందో అందరికీ తెలుసు. 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి గారు వినోబా భావే ముందు 100 ఎకరాలు ఇస్తానన్నారు. చిన్నప్పటి నుంచి వింటున్నా, 100 ఎకరాలంటే కంటికి ఎంతో ఎప్పుడూ ఊహకు రాలేదు. ఈ చర్చ చదివాక లెక్క కట్టాను. నలుచదరంగా ఉంటే వైపుకు 636 మీటర్లు. చుట్టూ తిరిగితే రెండున్నర కిలోమీటర్లు, అరగంట నడక. భూమి లేని పేదలు అడిగింది 80 ఎకరాలు, ఆయన ఇచ్చింది 100. ఆ ఎక్కువ ఇచ్చిన 20 ఎకరాలు 800 గుంటలు.

పాలమూరు_చెలక

గుండ్రటి వాటికి ఏం చేయాలి సార్? మా పాత బాయి లోపల దిగి వ్యాసం పట్టడం అయ్యే పని కాదు. బాయి నోరు తీసేస్తే సాగు ఎంతో తెలియాలి.

దేవరకొండ_లెక్కల_టీచర్

లోపల దిగకండి. గట్టు అంచు చుట్టూ తాడు తిప్పి పొడవు చూడండి.

పాలమూరు_చెలక

132 అడుగులు.

దేవరకొండ_లెక్కల_టీచర్

132ను 22తో భాగించి 7తో గుణిస్తే వ్యాసం 42. వ్యాసార్ధం 21. చుట్టుకొలతలో సగం 66, దాన్ని 21తో గుణిస్తే 1386 చదరపు అడుగులు. గుంటా పావు. ఎందుకలా అంటే, వృత్తాన్ని దోసకాయ చక్రంలా సన్నటి ముక్కలుగా కోసి, ఒకటి తల కిందికి, ఒకటి తల పైకి పేర్చండి. ముక్కలు సన్నబడేకొద్దీ అది దీర్ఘచతురస్రంలా కనబడుతుంది. దాని పొడవు చుట్టుకొలతలో సగం, వెడల్పు వ్యాసార్ధం.

మీ పాలమూరు పిల్లలమర్రికి ఇదే లెక్క తిప్పి వేయవచ్చు. మూడెకరాలకు పైగా పరుచుకుందని చెబుతారు కదా. మూడెకరాలు గుండ్రంగా ఉంటే అడ్డం 408 అడుగులు. ఈసారి పిల్లలతో వెళ్లినప్పుడు మీ రెండున్నర అడుగుల అంగలతో ఆ చెట్టు నీడను ఒక కొస నుంచి ఇంకో కొసకు నడిచి చూడండి. 163 అంగలు.

కొత్తిల్లు_నల్లగొండ

అందరికీ చెప్పాల్సిన సంగతి. నిన్న సాయంత్రం అమ్మేవాళ్లను, మధ్యవర్తిని ప్లాటు దగ్గరికే పిలిచాం. కాగితం మీద సార్ లెక్క చూపిస్తే మొదట ఒప్పుకోలేదు. అప్పుడు మా ఆవిడ, ముందు మీరే పట్టండి అని టేపు వాళ్ల చేతికి ఇచ్చింది. ఐమూల వాళ్లే పట్టారు. 63. నిటారు కొలతలూ వాళ్లే పట్టారు. అమ్మే పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, నేను కొన్నప్పుడు నాకూ 308 అనే చెప్పారు బిడ్డా అన్నాడు. ఆయన నష్టపోయిన సంగతి వింటే నాకూ బాధేసింది. ఆయనను ఎవరూ ఐమూల పట్టమని అనలేదు.

282 గజాలకు ఒప్పుకున్నారు. 16,92,000. దస్తావేజులో పటం గీసి, నాలుగు భుజాలతో పాటు ఐమూల 63 అడుగులు అని కూడా రాయిస్తున్నాం. ఇంటి ప్లాను 36 అడుగుల లోతుకు మార్పించాను.

మేస్త్రి_35ఏళ్లు

మంచిది తమ్ముడూ. ఇంకో ఐమూల కూడా పట్టి పటంలో రాయించు. ఈశాన్యం నుంచి నైరుతికి. ఎప్పుడైనా ఒక హద్దు రాయి జరిగిందనుకో, రెండు ఐమూలలూ రాసి ఉంటే ఏ రాయి జరిగిందో ఎవరైనా చెప్పగలరు. ఒకటే ఉంటే కష్టం.

కొత్తిల్లు_నల్లగొండ

పట్టాను అన్నా. 90 అడుగుల 8 అంగుళాలు.

దేవరకొండ_లెక్కల_టీచర్

మీ మిగతా కొలతలతో నేను కాగితం మీద కట్టి చూశాను. 90.63 అడుగులు వచ్చింది. అంటే 90 అడుగుల 8 అంగుళాలే. రాయించుకోండి.